మందారం టమాటా అయిన కథ



రంగుల గురించీ, అల్లిక నమూనాల గురించీ రేడియోలో మాట్లాడమని అడిగినప్పుడు నాకు నవ్వొచ్చింది. కంటితో చూడాల్సినవాటిని చెవిలో చెప్పమంటున్నారు. తీరిగ్గా ఆలోచిస్తే సబబుగానే తోచింది. ఊలు అల్లేవాళ్ళకి రేడియోని మించిన తోడు లేదు. టీవీ అయితే కళ్ళు లాగేసుకుంటుంది, కుట్టు జారిపోతుంది. రేడియోకి చెవులిస్తే చాలు, కళ్ళూ చేతులూ మనకే వదిలేస్తుంది. ఇప్పుడు కూడా మీలో ఎవరో ఒకరు ఒళ్ళో ఊలు ఉండ పెట్టుకుని వింటూ ఉంటారని నా నమ్మకం. వరస మధ్యలో ఉంటే పూర్తిచేసుకోండి, నేనేమీ అనుకోను.

మాది రాజమండ్రి. వేసవిలో రోళ్ళు పగిలే ఎండలు కాసే ఊళ్ళో నువ్వు స్వెటర్లు అల్లడమేమిటని అడగనివాళ్ళు లేరు. చలికాలం రాగానే రోడ్డు పక్కన టిబెటన్ల స్వెటర్ల దుకాణాలు వెలుస్తాయి కదా, వంద రకాలు దొరుకుతాయి కదా అంటారు. నిజమే. కానీ మా వైపు ఊలు సూదులు పట్టేది చలికి జడిసి కాదు. ఇంట్లో ఎవరికైనా నెల తప్పిందని తెలిస్తే అల్మారా పైఅరలోంచి సూదులు దిగుతాయి. ఒక టోపీ, ఒక జత మేజోళ్ళు, ముందువైపు బొత్తాలున్న చిన్న స్వెటరు. మా అమ్మ అలాగే అల్లింది, నేనూ అలాగే నేర్చుకున్నాను. లేత గులాబీ, లేత నీలం, తెలుపు. ఒక వరస నిట్టు, ఒక వరస పర్లు. ముప్పై ఏళ్ళు ఇదే అల్లాను. నమూనా అనేది ఒకటుంటుందనీ, అది మనమే కల్పించుకోవచ్చనీ నాకు తట్టనే లేదు.

మా అమ్మాయి స్కాట్లండ్‌లో ఎడిన్‌బరోలో ఉంటుంది. ఆరేళ్ళ కిందట దానికి పురుడు పోయడానికి వెళ్ళాల్సి వచ్చింది. ఈసారి మాత్రం మామూలు స్వెటరు అల్లకూడదు, మా పెరట్లో మందారం పుట్టబోయే బిడ్డ గుండె మీద పూయాలి అనుకున్నాను. స్కూలు పిల్లల గ్రాఫ్ పుస్తకం తెచ్చాను. 20 గళ్ళ వెడల్పు, 20 గళ్ళ ఎత్తు. ఐదు రేకులు, మధ్యలో పొడుగాటి కేసరం, కొసన పసుపు చుక్కలు. కాగితం మీద పువ్వు కళకళలాడింది. ఎనిమిదో నంబరు సూదుల మీద తెల్ల ఊలు ఎక్కించి, ఎర్ర ఊలుతో లెక్క తప్పకుండా ఒక్కో గడికి ఒక్కో కుట్టు అల్లాను. పూర్తయ్యాక మా తోడికోడలికి చూపించాను. ఆవిడ కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "అక్కా, టమాటా భలే కుదిరింది" అంది.

మందారం అలా ఎందుకు నొక్కుకుపోయిందో తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. సంగతి చాలా చిన్నది. గ్రాఫ్ కాగితంలో గడి చదరంగా ఉంటుంది. ఊలు కుట్టు చదరంగా ఉండదు. దాని వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. నేను వాడిన ఊలుకి నాలుగు అంగుళాల వెడల్పులో 20 కుట్లు పడితే, నాలుగు అంగుళాల ఎత్తుకి 28 వరసలు అల్లాలి. నేను 20 వరసలే అల్లాను. అంటే పువ్వు నాలుగు అంగుళాల వెడల్పుతో, మూడు అంగుళాలు కూడా లేని ఎత్తుతో తయారైంది. ఏ పువ్వయినా టమాటానే అవుతుంది మరి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మనకి ఈ విద్య కొత్తది కాదు. వాకిట్లో పదిహేను చుక్కలు, సరిచుక్కో సందుచుక్కో లెక్కపెట్టి, చుక్కకీ చుక్కకీ మధ్య గీత వంచుతూ పద్మం పూయించే ఆడపిల్లకి అల్లిక పటం చదవడం ఒక లెక్కా? అదీ గళ్ళే, ఇదీ గళ్ళే. తేడా ఒక్కటే. ముగ్గులో చుక్కల దూరం మన వేళ్ళ చేతిలో ఉంది, ఊలులో దూరం ఊలు చేతిలో ఉంది. అందుకని ఐదు కుట్ల వెడల్పుకి ఏడు వరసల ఎత్తు లెక్కతో కాగితం మీద నేనే గళ్ళు గీసుకున్నాను, గడి అడ్డంగా పొడుగు, నిలువుగా పొట్టి. ఆ గళ్ళలో మందారం మళ్ళీ వేస్తే వరసలు 28 వచ్చాయి. అల్లితే అచ్చమైన మందారం.

అచ్చమైన మందారమే. అయినా బాగాలేదు.

దీనికి మాత్రం కారణం గ్రాఫ్ పుస్తకంలో దొరకలేదు. తెల్లటి ఛాతీ మీద ఒంటరిగా ఎర్రపువ్వు, ఏదో పార్టీ గుర్తులాగా ఉంది. విప్పి ఉండ చుట్టేశాను. ఆ వారమే తులసి మొక్కకోసం కడియం వెళ్ళాను. కడియం, కడియపులంక నర్సరీలు చూడనివాళ్ళకి చెప్పడం కష్టం. రోడ్డుకి రెండు పక్కలా, కాలవగట్ల వెంబడి, కనుచూపు మేర మొక్కలు. నల్ల కవర్లలో ఒకే రకం మొక్కలు వేలకొద్దీ ఒక మడిగా పేర్చి ఉంటాయి. పక్క మడిలో ఇంకో రకం. ఆటోలో వెళుతుంటే చారలు చారలుగా కదిలిపోతాయి. మందారాల మడి దగ్గర ఆటో ఆగింది. అప్పుడు చూశాను: అక్కడ ఎరుపు ఎంత ఉందని? పదింట ఒక పాలు కూడా లేదు. మిగతా అంతా ఆకుపచ్చ. ఆ పచ్చలోనూ ముదురు పచ్చ, లేత చిగురు పచ్చ, ఆకు వెనకవైపు పాలిపోయిన పచ్చ, ఆకుల మధ్య సందుల్లో దాదాపు నలుపు. ఆ నలుపు లేకపోతే ఎరుపు అంత మండేది కాదు. నేను తోటలోంచి పువ్వు తెంపుకొచ్చి, తోటని అక్కడే వదిలేశాను.

ఆనాటి నుంచి నేను తోటలో పువ్వుల బొమ్మ వెయ్యడం మానేశాను. పాళ్ళు రాసుకుంటాను. రాసుకోవడం అంటే కాగితం మీద కాదు. అగ్గిపెట్టె అంత అట్టముక్క తీసుకుని, ఏ రంగు ఎంత కనిపిస్తే అన్ని చుట్లు ఆ రంగు దారం చుట్టడం. అరటిపువ్వు చుట్టి చూడండి. పైన కాటుక పట్టించినట్టుండే ఊదా, రేకు ఎత్తితే లోపల ఎర్రటి నునుపు, దాని కింద మీగడ రంగు వేళ్ళు, కొసన పసుపు. నేను ఊహించిన పసుపు పదిచుట్లు. పువ్వు ఎదురుగా పెట్టుకుని చుడితే రెండే చుట్లు తేలాయి. ఎండిన ముద్దబంతి, వానలో తడిసిన రేగు కొమ్మ, దోసపాదు మీద నిన్నటి పువ్వు, ఇలాంటివి నా దగ్గర ఒక బూట్ల పెట్టె నిండా ఉన్నాయి. బతికున్న పువ్వు కంటే వాడిపోయిన పువ్వులో రంగులు ఎక్కువ అని కూడా ఆ పెట్టె వల్లనే తెలిసింది.

సరే, ఎడిన్‌బరో. అక్కడి రాయల్ బొటానిక్ గార్డెన్ 1670లో మొదలైన తోట. గొప్ప తోటే, కాదనను. పాపని బండిలో తోసుకుంటూ రోజూ వెళ్ళేదాన్ని. కానీ అంత పెద్ద తోట నాకు ఇచ్చింది తక్కువ. అన్ని దేశాల మొక్కలూ ఒకచోట ఉంటే కంటికి ఆనదు. అన్నప్రాశన వయసు పిల్ల ముందు పెళ్ళి విస్తరి పెట్టినట్టు ఉంటుంది. నాకు పాఠం చెప్పిన చోటు వేరే ఉంది, అక్కడ చెట్టే లేదు.

పాపకి నాలుగో నెలలో మా అల్లుడు షెట్లాండ్ తీసుకెళ్ళాడు. అబర్దీన్‌లో సాయంత్రం ఓడ ఎక్కితే రాత్రంతా ప్రయాణం, పొద్దున్నకి లెర్విక్ రేవు. స్కాట్లండ్‌కి ఉత్తరాన సముద్రం మధ్య దీవుల గుంపది. గాలి ఎంత బలమంటే నిలబడ్డ మనిషి వంగి మాట్లాడాలి. చెట్లు దాదాపు లేనట్టే. గడ్డి, రాయి, నల్లటి పీట్ బురద, గొర్రెలు, ఎటు చూసినా సముద్రం. "ఇక్కడ తోటలేవి బాబూ?" అని మా అల్లుణ్ణి అడిగాను. ఆ అబ్బాయి నవ్వి మ్యూజియానికి తీసుకెళ్ళాడు. అక్కడ అద్దాల వెనక స్వెటర్లలో చూశాను దీవులన్నింటినీ.

ఈ దీవులకీ, వాటికి దక్షిణాన ఒంటరిగా ఉండే ఫెయిర్ ఐల్ అనే చిన్న దీవికీ చెందిన అల్లికే లోకమంతా ఫెయిర్ ఐల్ పేరుతో పిలిచే రంగుల అల్లిక. 1922లో అప్పటి ఇంగ్లండు యువరాజు, తర్వాత ఎనిమిదో ఎడ్వర్డ్ అయినాయన, ఒక గోల్ఫ్ ఆటకి ఆ స్వెటరు తొడుక్కుని వచ్చాడు. దాంతో దాని దశ తిరిగింది. 1588లో స్పెయిన్ యుద్ధనౌక ఒకటి ఫెయిర్ ఐల్ దగ్గర బద్దలైంది, ఒడ్డుకి చేరిన నావికులే ఈ నమూనాలు నేర్పారని ఒక కథ. నౌక బద్దలైన మాట నిజం. నేర్పిన మాటకి ఆధారం లేదు. బయటినుంచి మగవాడెవడో వచ్చి నేర్పితే తప్ప ఆడవాళ్ళకి ఇంత విద్య రాదనుకోవడం అన్ని దేశాల్లోనూ ఉన్న అలవాటే. మన నరసాపురం లేసు సంగతి వేరు, అది నిజంగానే 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన క్రోషా పని. కానీ నేర్పింది కొక్కెం పట్టుకోవడం వరకే. ఆ తర్వాత నూటయాభై ఏళ్ళు దాన్ని వెయ్యి రకాలుగా తిప్పింది గోదావరి జిల్లాల ఆడవాళ్ళే, అదీ చాలా తక్కువ కూలికి.

షెట్లాండ్ అల్లికలో నన్ను పట్టేసింది ఒక నియమం. స్వెటరు మొత్తంలో పది పన్నెండు రంగులు ఉండొచ్చు. కానీ ఏ వరసలో చూసినా రెండే రంగులు. మూడోది రాకూడదు. ఎందుకంటే ఆ వరసలో అవసరం లేని రంగు పోగు వెనకాల వదులుగా వెంట వస్తూ ఉండాలి. రెండు పోగులైతే రెండు చేతులకీ ఒక్కోటి. మూడోది వస్తే చేతులు చాలవు, బట్ట దళసరి అయిపోతుంది. రెండు పోగుల మందం వల్ల చలీ ఆగుతుంది. ఇంత కట్టుదిట్టంలో ఉండి వాళ్ళు ఏం చేశారు? వరసకి వరసకీ మధ్య రంగుని ఒక మెట్టు మారుస్తూ పోయారు. నేల రంగు ముదురు నుంచి లేతకీ, పువ్వు రంగు లేత నుంచి ముదురుకీ. మధ్య వరసలో ఒక్కటంటే ఒక్క వరస మెరుపు. అంతే. దూరం నుంచి చూస్తే ఒకేసారి ఏడెనిమిది రంగులు వెలిగినట్టుంటుంది. దగ్గరికి వెళ్ళి వేలుపెట్టి లెక్కపెడితే రెండే.

మ్యూజియం బయటికొచ్చి కొండ వైపు చూస్తే అదే కనిపించింది. కింద పీట్ నలుపు, దానిపైన ఎండుగడ్డి గోధుమ, పైకి పోయేకొద్దీ హెదర్ పొద ఊదా, ఆపైన మబ్బు బూడిద, మబ్బుకీ కొండకీ మధ్య సన్నగా ఒక వెలుగు గీత. ఆ ఒక్క వరస మెరుపు. గొర్రెలు కూడా వాళ్ళకి రంగులిచ్చాయి. షెట్లాండ్ గొర్రెలో ముఖ్యమైన రంగులే 11 లెక్కపెడతారు. తెలుపు, నలుపు, బూడిదలో రకరకాలు, లేత గోధుమ, ఎర్రమట్టి లాంటి గోధుమ, అన్నీ అద్దకం అక్కర్లేని రంగులు. మన దగ్గర నల్ల గొర్రె ఉన్నితో గొంగడి నేసినట్టే.

ఇంకో రెండు సంగతులు చెప్పకుండా ఉండలేను. అక్కడి ఆడవాళ్ళు నడుముకి ఒక తోలు పటకా కట్టుకునేవారు. దానికి ముందు చిల్లులున్న మెత్తటి తోలు దిండు, లోపల గుర్రపు వెంట్రుకలు కూరి ఉంటాయి. సూది ఒక కొసని ఆ చిల్లులో గుచ్చితే, ఆ సూదిని చెయ్యి మోయక్కర్లేదు. వీపు మీద బుట్టలో పొయ్యిలోకి పీట్ మోసుకుంటూ, నడుస్తూ అల్లేవారు. రెండోది వింటే మీ గుండె ఆగుతుంది. వాళ్ళు స్వెటరుని గొట్టంలాగా గుండ్రంగా అల్లుకుంటూ పోతారు, ముందువైపు తెరుపు పెట్టరు. వరస తిప్పే పని లేకపోతే నమూనా ఎప్పుడూ ఎదురుగానే ఉంటుంది కదా. అంతా అయ్యాక కత్తెర తీసుకుని ముందు భాగాన్ని నిలువునా కోసేస్తారు. నెలలు పట్టిన అల్లికని, కుట్ల మీదుగా, కరకర. ఊడిపోదు. ఆ ఊలుకి నూగు ఎక్కువ, పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. నేను ఇంటికొచ్చాక ఒక చిన్న నమూనా మీద కోసి చూశాను. కోసేముందు కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగాను.

ప్రయాణం నాకిచ్చింది ఏమిటని అడిగితే, నేను తెచ్చుకున్న ఫొటోలు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. ఆ రెండు రంగుల నియమం మాత్రం వాడుతూనే ఉన్నాను. కడియం మందారాల మడిని ఆ నియమంలో పెట్టాను. నేల ఎనిమిది వరసల్లో నలుపు పచ్చ నుంచి చిగురు పచ్చకి మారుతుంది. మధ్యలో ఒకే ఒక్క వరసలో ఎరుపు, అదీ నాలుగు కుట్లకొకటి. పువ్వు బొమ్మ ఎక్కడా లేదు. దాన్ని మా తోడికోడలికి వీడియో కాల్లో చూపిస్తే వెంటనే అంది, "కడియమా అక్కా?" అని.

అయితే అందరూ నియమంతోనే మొదలుపెట్టాలని లేదు. కేఫ్ ఫాసెట్ అని ఒక చిత్రకారుడు ఉన్నాడు, 1937లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడ్డాడు. 1960ల చివర్లో స్కాట్లండ్ వెళ్ళినప్పుడు అక్కడి ఊలు మిల్లులో, కొండల రంగులన్నీ దారాల్లో కనిపించేసరికి ఉండబట్టలేక 20 రంగులు కొనేశాడు. అల్లడం మాత్రం రాదు. తిరుగు రైల్లో తోటి ప్రయాణికురాలు ఒకావిడ నేర్పింది. మన రైళ్ళలో పులిహోర పంచుకున్నంత సులువుగా! మొదటి స్వెటరులోనే ఆ 20 రంగులూ వాడాడు. 1988లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఆయన పనితో ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. ఆయన అల్లికల్లో రంగులు తిరునాళ్ళలాగా ఉంటాయి. నాకు కొంచెం ఊపిరాడదు. కానీ మొదటిసారి సూదులు పట్టినవాడికి ఎన్ని రంగులు వాడకూడదో ఎవరూ చెప్పకపోవడం ఎంత అదృష్టమో అనిపిస్తుంది. నాకు ముప్పై ఏళ్ళపాటు లేత గులాబీ, లేత నీలం అని చెప్పారు.

ఎడిన్‌బరో లైబ్రరీలో ఇంకో దేశం దొరికింది. ఎస్తోనియాలో హాప్సలు అనే సముద్రపు ఒడ్డు ఊరు. అక్కడ 19వ శతాబ్దంలో బురద స్నానాల వైద్యానికి దూరప్రాంతాల నుంచి జనం వచ్చేవారు. వాళ్ళకి అమ్మడానికి ఊళ్ళో ఆడవాళ్ళు సాలెగూడంత పల్చటి శాలువాలు అల్లేవారు. అక్కడి లిల్లీ ఆఫ్ ద వ్యాలీ పువ్వు, తెల్లటి చిన్న గంటల్లాంటి మొగ్గలు, వాళ్ళ పేరుమోసిన నమూనా. ఆ మొగ్గని ఎలా పుట్టిస్తారంటే: ఒకే కుట్టులోంచి ఏడు ఉచ్చులు లాగుతారు, వదులుగా. తిరుగు వరసలో ఆ ఏడింటినీ కలిపి ఒకే కుట్టుగా అల్లేస్తారు. బిగించి లాగారా, తిరుగు వరసలో సూది దూరదు. వదులుగా ఉంటే ఆ చోట చిన్న బుడిపె ఉబ్బుతుంది. వాళ్ళ భాషలో దాన్ని నుప్ అంటారు. నాకైతే అది చూడగానే లిల్లీ గుర్తు రాలేదు. సాయంత్రం నాలుగింటికి, ఇంకా విచ్చని మల్లెమొగ్గ. మా పాప మొదటి పుట్టినరోజు గౌనుకి అంచంతా మల్లెమొగ్గలే. నేర్పింది ఎస్తోనియా, పూసింది మా పెరడు.

ఇక చేత్తో రంగేసిన ఊలు. దీని గురించే అసలు నా గొడవంతా.

మనం బజార్లో కొనే ఊలు ఉండలు మిల్లు రంగువి. ఉండ మొదలు నుంచి చివరిదాకా ఒకటే రంగు, ఒక లాటులో వందల కిలోలు. చేత్తో రంగేసినది అలా కాదు. దారం చుట్టని, అంటే చిలపని, తడిపి పళ్ళెంలో పరిచి, ఒకచోట ఒక రంగు, ఇంకోచోట ఇంకోటి పోసి, మధ్యలో కలిసేచోట కలవనిస్తారు. ఉరుగ్వేలో 1968 నుంచి పల్లెటూరి ఆడవాళ్ళ సహకార సంఘాలు ఇలాంటి ఊలు తయారుచేస్తున్నాయి. ఏ రెండు చిలపలూ ఒక్కలా ఉండవు, అదే దాని సొగసు. ఎడిన్‌బరో దుకాణంలో ఒక చిలప చూసి ఆగిపోయాను. పసుపు, దాంట్లోంచి ఎరుపు, ఎరుపులోంచి పచ్చ, మధ్యలో దాదాపు నల్లటి మచ్చ. అచ్చంగా క్రోటన్ ఆకు! కడియంలో పది రూపాయలకి దొరికే ఆకు రంగుకి నేనక్కడ ఎంత పెట్టానో మా ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు. వినకుండా ఉంటే బాగుండు.

పాపకి టోపీ మొదలుపెట్టాను. చిలపలో ఎంత అందమో అల్లేసరికి అంత అధ్వానం. ఎరుపంతా ఒక పక్క, పసుపంతా ఒక పక్క, పచ్చ వంకరగా మెలి తిరిగి, దెబ్బ తగిలి కమిలినట్టు. అల్లేవాళ్ళు దీన్ని పూలింగ్ అంటారు, రంగు మడుగు కట్టడం. ఎందుకలా అయిందో తర్వాత లెక్కకట్టాను. చిలప చుట్టుకొలత సుమారు ఒకటిన్నర మీటరు. అంటే ప్రతి ఒకటిన్నర మీటరుకీ అవే రంగులు అదే వరసలో తిరిగి వస్తాయి. అల్లికకి వెడల్పు కంటే మూడు నాలుగు రెట్ల దారం పడుతుంది. పసిబిడ్డ తల చుట్టూ ఒక వరస అల్లడానికి ఎంత పడుతుంది? నా ఖర్మకొద్దీ దాదాపు ఒకటిన్నర మీటరే. ప్రతి వరసలోనూ ఎరుపు వచ్చి నిన్నటి ఎరుపు మీదే కూర్చుంది.

ఇది తప్పించడానికి దారులున్నాయి. రెండు చిలపలు తీసుకుని రెండేసి వరసలు మార్చి మార్చి అల్లడం. లేదా మధ్యమధ్య ఒక కుట్టుని అల్లకుండా జార్చి, కింది వరస రంగుని పైకి లాగడం. నేను రెండోది చేశాను, మచ్చలు చెదిరి ఆకు మళ్ళీ ఆకులా కనిపించింది. కానీ ఆ విప్పిన టోపీ దగ్గర కూర్చున్నప్పుడు నాకు గుర్తొచ్చింది నేతగాళ్ళ ఊరు పుట్టపాక. పోచంపల్లి వైపు నేతగాళ్ళు చేసేదీ ఇదే కదా! బట్ట నేసాక అద్దరు. నేయకముందే పోగుల్ని కట్టలు కట్టి, రంగు అంటకూడని చోట బిగించి ముడివేసి, రంగులో ముంచుతారు. నమూనా అంతా నూలులోనే ఉంటుంది. మగ్గం మీద పడుగూ పేకా కలిసే చోట అది తేలుతుంది. తేలియా రుమాలు అనే బట్టలో పడుగునీ పేకనీ రెండింటినీ అలా కడతారు. ఒక పోగు జరిగితే పువ్వు చెదిరిపోతుంది. అందుకోసం పోగుని మేకుల మీద వేల సార్లు అటూ ఇటూ తిప్పుతూ ఆసు పోయాలి. ఆ పనితో తల్లి భుజాలు అరిగిపోవడం చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేసి, ఆవిడ పేరే, లక్ష్మి అని, పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ నేతగాళ్ళు ఒక పోగులో రంగు ఎక్కడ పడాలో వెంట్రుకవాసి లెక్కతో ముందే రాసిపెడతారు. నేనేమో ఎవరో పోసిన రంగు ఎక్కడ పడితే అక్కడికి వెంటబడి పరిగెడుతున్నాను. రంగు వేసిన నూలు అంటే అందంగా ఉంటుందిలే అనుకున్నానుగాని, అది కూడా లెక్క అడుగుతుందని మనవాళ్ళ మగ్గం గుర్తొచ్చేదాకా తెలియలేదు.

తిరిగొచ్చాక నేనే రంగులు వేయడం మొదలుపెట్టాను. మొదటి చిలపని సలసల కాగే నీళ్ళలో వేసి పప్పు ఎనిపినట్టు కలియబెట్టాను. తీస్తే చీపురుకట్ట. ఊలుకి వేడీ, కుదుపూ కలిస్తే పొలుసులు పెనవేసుకుని ముద్ద కడుతుంది. ఇప్పుడు చల్లటి నీళ్ళలో వేసి నెమ్మదిగా సెగ పెంచుతాను, గరిట తగలనివ్వను. రంగు గిన్నె వేరు, వంట గిన్నె వేరు, ఈ మాట గట్టిగా పట్టుకోండి. పసుపుతో అద్భుతమైన రంగు వస్తుంది, ఎండలో వారానికి పోతుంది. శంఖుపూల నీలం నాలుగు రోజుల మురిపెం, తర్వాత బూడిద. నిలిచేవి మన పాతవాళ్ళు వాడినవే. ముందు పటికతో గాని కరక్కాయతో గాని ఊలుకి పట్టు ఇస్తే, దానిమ్మ తొక్కలు మంచి ఆవరంగు ఇస్తాయి. టేకు చిగురు ఆకు చేతిలో నలిపితే అరచెయ్యి ఎర్రబడుతుంది కదా, చిన్నప్పుడు అందరం చేసిందే, ఆ ఆకులూ మరిగించాను. తుప్పు మేకుల నీళ్ళు కొంచెం తగిలితే ఏ రంగైనా చీకటిపడుతుంది.

ఈ రంగులన్నీ ఇప్పుడు ఒక పని కోసమే. జూలైలో పైన వానలు పడి గోదావరికి ఎర్రనీరు వచ్చిన రోజు పుష్కరఘాట్ మెట్ల మీద కూర్చున్నాను. ఆ నీటి రంగు ఏమిటో చెప్పండి చూద్దాం. ఎరుపు అంటారు, ఎరుపు కాదు. గోధుమ కాదు. సుడి తిరిగేచోట ముదురు, ఎండ పడ్డచోట ఇత్తడి, సాయంత్రానికి మీద ఒక బూడిద పొర. అట్టముక్క మీద చుట్టాను, 14 చుట్లు, ఐదు రంగులు. దాన్ని శాలువా చెయ్యాలి. మొదటి చిలప కాఫీ అయింది. రెండోది ఇటుక. మూడోదానికి టేకాకు తగ్గించి, కరక్కాయ పెంచి, మేకుల నీళ్ళు రెండే చెంచాలు వేశాను. నిన్న రాత్రి వీడియో కాల్లో మా మనవరాలికి చూపించాను. దానికి ఆరేళ్ళు. దగ్గరగా పెట్టమని, బాగా చూసి, "అమ్మమ్మా, అది టీ" అంది.

తడి మీద ఊలు రంగు ముదురుగానే కనిపిస్తుంది. పెరట్లో దండెం మీద ఆరేసి వచ్చాను. వాన పడకపోతే ఇంటికి వెళ్ళేసరికి తెలుస్తుంది.